బిల్లుకి ఏ ప్రింటర్, వంటింటికి ఏ ప్రింటర్: హోటల్ పెట్టేవాళ్లు కొనేముందు చూసుకోవాల్సినవి

కౌంటర్‌లో ప్రింటర్ ఆగిపోతే అరనిమిషంలో తెలిసిపోతుంది. కస్టమర్ ఎదురుగానే ఉంటాడు, క్యాషియర్ చేత్తో బిల్లు రాసిచ్చి పంపేస్తాడు. వంటింట్లో ప్రింటర్ ఆగితే మాత్రం ఎవరికీ తెలియదు. ఏడో టేబుల్ వాళ్లు "మా రోటీలు ఏవండీ?" అని రెండోసారి అడిగాక గానీ కేఓటీ (వంటింటికి వెళ్లే ఆర్డర్ స్లిప్పు) రాలేదన్న సంగతి బయటపడదు. అయినా చాలామంది మంచి ప్రింటర్ కొని కౌంటర్ మీద అలంకరించుకుని, మిగిలిన డబ్బుతో వంటింటికి ఏదో ఒకటి తెస్తారు. ఈ లెక్క తిరగేయాలి. బడ్జెట్ బిగుతుగా ఉంటే కౌంటర్‌కి చవకది, వంటింటికి నమ్మకమైనది.

థర్మలా, రిబ్బనా?

థర్మల్ ప్రింటర్‌లో ఇంకు ఉండదు. కాగితానికే ఒక పూత ఉంటుంది, ప్రింటర్ హెడ్ వేడికి ఆ పూత నల్లబడుతుంది. సౌలభ్యమూ, చిక్కూ రెండూ ఇందులోనే ఉన్నాయి. చప్పుడు ఉండదు, చాలా మోడళ్లలో సెకనుకు 200 మిల్లీమీటర్ల పైన కాగితం వస్తుంది, మార్చాల్సింది రోల్ ఒక్కటే. కానీ హెడ్ వేడికి నల్లబడే కాగితం పొయ్యి వేడికీ నల్లబడుతుంది. దాదాపు 70 డిగ్రీలు దాటిందంటే రంగు మారడం మొదలవుతుంది. తందూర్ పక్కన క్లిప్పుకి తగిలించిన స్లిప్పు పది నిమిషాల్లో బొగ్గులా తయారవడానికి కారణం ఇదే. నూనె చేతులు తగిలితే కథ తిరగబడుతుంది, అక్షరాలు వెలిసిపోతాయి.

రిబ్బన్‌తో కొట్టేవాటిని ఇంపాక్ట్ ప్రింటర్లంటారు. ఎప్సన్ టీఎం-యూ220, స్టార్ ఎస్‌పీ700 ఈ రకం. మామూలు కాగితం మీద 9 పిన్నులతో రిబ్బన్‌ని కొడతాయి కాబట్టి వేడికి అక్షరం చెక్కుచెదరదు. నలుపు-ఎరుపు రిబ్బన్ వేస్తే "ఉల్లి వద్దు" లాంటివి ఎర్రగా వస్తాయి. కార్బన్ లేని డబుల్ కాపీ కాగితం వేస్తే ఒకే దెబ్బకి రెండు ప్రతులు. అమెరికా హోటళ్ల వంటిళ్లలో ఇవి ఎక్కువగా కనిపించేది అందుకే. అక్కడ హోటల్ పెట్టిన తెలుగువాళ్లకి కూడా సాఫ్ట్‌వేర్ వాళ్లు మొదట చూపించేది తరచుగా ఇదే రకం.

మరి లోపాలు? సెకనుకు కొద్ది లైన్లే కొడతాయి. ధర చవక థర్మల్‌కి రెండు మూడు రెట్లు ఉంటుంది. రిబ్బన్ ఎండిపోతూ అక్షరం కొంచెం కొంచెంగా పలచబడుతుంది, పూర్తిగా కనబడకుండా పోయేదాకా ఎవరూ మార్చరు. తెలుగులో కేఓటీ కావాలంటే ఇవి దాదాపు పనికిరావు. ఆ సంగతి కింద చెప్తాం. వీటి చప్పుడు మాత్రం లోపం కాదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులో ఆ గరగరే మాస్టర్‌కి గంట.

నిర్ణయం తేలిక. స్లిప్పు ఎక్కడ వేలాడుతుందో చూడండి. నిప్పుకి మూడడుగుల లోపల వేలాడితే ఇంపాక్ట్. అంతకంటే దూరంగా పికప్ కౌంటర్ దగ్గర ఉండి, స్లిప్పు ఆయుష్షు అరగంటే అయితే థర్మల్ చాలు. మన దగ్గర చాలా హోటళ్లు ఈ రెండో రకమే. అయితే వంటింటి థర్మల్‌కి బజర్ ఉన్న మోడల్ తీసుకోండి. ప్రతి కేఓటీకి బీప్ కొట్టని ప్రింటర్ వంటింట్లో ఉన్నా లేనట్టే.

రెండంగుళాలా, మూడంగుళాలా?

58 మి.మీ. (రెండంగుళాల) కాగితం మీద ప్రింట్ అయ్యేది 48 మి.మీ.; లైనుకి 32 ఇంగ్లిష్ అక్షరాలు. 80 మి.మీ. (మూడంగుళాల) కాగితం మీద 72 మి.మీ.; 48 అక్షరాలు. ఒక ఉదాహరణ: "చికెన్ ఫ్రై పీస్ బిర్యానీ" అన్నది ఇంగ్లిష్ అక్షరాల్లో ఖాళీలతో కలిపి 25. రెండంగుళాల బిల్లులో ఇక మిగిలింది ఏడు. ఎన్ని ప్లేట్లు, ఒక్కోటి ఎంత, మొత్తం ఎంత అన్నవి అందులో ఇమడవు. పేరు ఒక లైన్‌లో, అంకెలు ఇంకో లైన్‌లో పడి బిల్లు తాడులా సాగుతుంది. జ్యూస్ షాపు, టీ స్టాల్, ఫుడ్ ట్రక్, ఆర్డర్ తీసుకునే కెప్టెన్ చేతిలో పట్టుకుని తిరిగే బుల్లి బ్లూటూత్ ప్రింటర్, వీటికి రెండంగుళాలు సరే. కూర్చోబెట్టి వడ్డించే హోటల్‌కి మూడే.

అసలు పెద్ద తేడా వెడల్పు కాదు, కట్టర్. రెండంగుళాల వాటిలో చాలావాటికి ఆటో కట్టర్ ఉండదు, చేత్తో చింపాలి. వంటింట్లో ఎవరూ చింపరు. మూడు ఆర్డర్లు ఒకే పట్టీగా వేలాడుతుంటే మాస్టర్ ఒక టేబుల్ ఐటమ్స్ ఇంకో టేబుల్‌కి కలిపేస్తాడు. టోకెన్ పద్ధతి నడిచే టిఫిన్ సెంటర్‌లో అయితే కట్టర్ లేనిదే పనే జరగదు: ఇడ్లీకి ఒక టోకెన్, దోసెకి ఒకటి, కాఫీకి ఒకటి విడివిడిగా తెగి రావాలి. అక్కడ పూర్తిగా తెగకుండా మధ్యలో చిన్న ముక్క పట్టుకుని ఉండే పార్షియల్ కట్ పెట్టుకోండి, లేకపోతే టోకెన్లు కింద రాలిపోతాయి.

రోల్ కొనేటప్పుడు ఒక చిన్న తూకం. "80 మి.మీ., 50 మీటర్లు" అని అమ్మే రోల్ నిజానికి 79 మి.మీ. వెడల్పు ఉంటుంది, అది మామూలే. పొడవు విషయంలోనే మోసం, లోపల గొట్టం లావుగా పెట్టి 35 మీటర్లు చుట్టేస్తారు. 55 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి 55 గ్రాముల) కాగితం నిజంగా 50 మీటర్లు ఉంటే గొట్టం తీసేసి సుమారు 215-220 గ్రాములు తూగాలి. వంటింటి త్రాసు చాలు. పూర్తి రోల్‌కి 16 సెంటీమీటర్ల బిల్లులు 300 దాకా, 10 సెంటీమీటర్ల కేఓటీలు 500 దాకా వస్తాయి. ఆదివారం బిర్యానీ రద్దీకి ఎన్ని రోల్స్ కావాలో దీన్నిబట్టి లెక్కేసుకోండి.

తీగా, గాలా?

కంప్యూటర్ పక్కనే ఉండే బిల్లు ప్రింటర్‌కి యూఎస్‌బీ చాలు. తీగ ఐదు మీటర్లు దాటకూడదు. దాటితే ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు. క్యాష్ డ్రాయర్ కూడా ఈ ప్రింటర్‌కే తగిలిస్తారు, వెనక టెలిఫోన్ జాక్‌లాంటి రంధ్రంలో. దాంట్లో 24 వోల్టులు వస్తాయి. ఆ చిన్న జాక్ పక్కనున్న లాన్ (నెట్‌వర్క్ తీగ) రంధ్రంలో కూడా దూరుతుంది కాబట్టి చూసి పెట్టండి. డ్రాయర్ తెరుచుకోకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ కమాండ్ 27, 112, 0, 25, 250 అని ఉందేమో చూడండి, ఎక్కువ ప్రింటర్లకి అదే పనిచేస్తుంది.

వంటింటికి లాన్ తప్ప ఇంకేదీ వద్దు. "వైఫై ఉందిగా, గోడకి రంధ్రం ఎందుకు?" అని యజమానులు అడుగుతారు. స్టీలు షీట్లు, ఫ్రిజ్‌లు, డీప్ ఫ్రీజర్లు సిగ్నల్‌ని అడ్డుకుంటాయి. చవక వైఫై ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అదే బ్యాండ్‌లో హోరెత్తిస్తుంది. అన్నిటికంటే ఇబ్బంది కరెంటు పోయి వచ్చినప్పుడు: ప్రింటర్ ముందు లేచి, రౌటర్ రెండు నిమిషాల తర్వాత లేస్తే కొన్ని ప్రింటర్లు మళ్లీ తమంతట తాము కలవవు. ఎవరో వెళ్లి స్విచ్ ఆపి మళ్లీ వేయాలి. ఆ ఎవరో ఎవరన్నది మధ్యాహ్నం ఒంటిగంటకి తేలదు.

బ్లూటూత్ ఒక్క ఫోన్‌కే ఒకసారి అంటుకుంటుంది, పది మీటర్లు దాటదు. ముగ్గురు కెప్టెన్లు మూడు ఫోన్లలో ఆర్డర్ తీసుకునేచోట అది పనికిరాదు. ఐప్యాడ్ వాడేవాళ్లయితే చవక బ్లూటూత్ ప్రింటర్లలో చాలావాటితో అది అసలు మాట్లాడదని గుర్తుంచుకోండి.

లాన్ తీగ క్యాట్6, పూర్తి రాగిది తీసుకోండి. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉండే చవక తీగ వంటింటి ఆవిరికి, వంపులకి జాయింట్ల దగ్గర తెగుతుంది. 100 మీటర్ల దాకా ఇబ్బంది లేదు. కరెంటు తీగలు పోయే పైపులో దీన్ని దూర్చొద్దు. ప్రింటర్ దగ్గర ఒక మీటరు చుట్టగా వదలండి, శుభ్రం చేయడానికి ప్రింటర్‌ని పక్కకి జరపాల్సి వస్తుంది.

లాన్ ప్రింటర్‌ని కలపడం

ఇక్కడ తొందరపడితే నెలంతా బాధ. ఒక్కో ప్రింటర్‌నే తీయండి. ఒకే కంపెనీవి రెండు కలిపి పెడితే రెండిటికీ ఫ్యాక్టరీ ఐపీ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌ని గుర్తుపట్టే నంబర్) ఒకటే అయివుండొచ్చు, అప్పుడు రెండూ కొట్టుకుంటాయి.

ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే సెల్ఫ్ టెస్ట్ కాగితం వస్తుంది. అందులో ఐపీ ఉంటుంది. చాలా చవక ప్రింటర్లలో అది 192.168.123.100, పాత ఎప్సన్‌లలో 192.168.192.168. మీ రౌటర్ 192.168.1 వరసలో ఇస్తుంటే ప్రింటర్ ఇంకో వీధిలో ఉన్నట్టే, కంప్యూటర్‌కి కనబడదు. అందుకని కంప్యూటర్ ఐపీని తాత్కాలికంగా 192.168.123.50, మాస్క్ 255.255.255.0 గా మార్చి, కంపెనీ ఇచ్చిన సెటప్ ప్రోగ్రామ్‌తో గానీ, మోడల్‌ని బట్టి బ్రౌజర్‌లో గానీ ప్రింటర్‌కి మీ వరసలో ఒక నంబర్ ఇవ్వండి, ఉదాహరణకి 192.168.1.201. రౌటర్ తనంతట తాను పంచే నంబర్ల పరిధి 2 నుంచి 150 దాకా పరిమితం చేసి, ప్రింటర్లని 201, 202, 203 అని దాని బయట ఉంచండి. ఇది చేయకపోతే ఎవరో కస్టమర్ ఫోన్ వైఫైకి ఎక్కి ఆ నంబర్ పట్టుకున్న రోజున కేఓటీలు మాయమవుతాయి. కస్టమర్లకి గెస్ట్ వైఫై వేరుగా ఇవ్వడం ఇంకా మంచిది.

నంబర్‌ని టేపు మీద రాసి ప్రింటర్‌కి అంటించండి. అప్పుడు కంప్యూటర్ ఐపీని మళ్లీ పాతదానికి మార్చి, దాన్నుంచి పింగ్ కొట్టి (ప్రింటర్ జవాబిస్తుందా అని) చూసి, సాఫ్ట్‌వేర్‌లో ఆ ఐపీ, పోర్ట్ 9100 ఇవ్వండి.

విండోస్ డ్రైవర్ ద్వారా అయితే ఇంకో ఉచ్చు ఉంది. విండోస్ తనే వెతికి పెట్టుకుంటే కొన్నిసార్లు డబ్ల్యూఎస్‌డీ పోర్ట్ వేస్తుంది, కొద్దిరోజులకి ప్రింటర్ "ఆఫ్‌లైన్" అంటుంది. చేత్తో స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ సృష్టించి, దాని సెట్టింగ్స్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్ అన్న టిక్కు తీసేయండి. ప్రింటర్ బాగానే ఉన్నా ఆఫ్‌లైన్ చూపించే గోల చాలావరకు దీంతో పోతుంది.

ఆర్డర్ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడిచేదైతే? వెబ్ పేజీ నుంచి నేరుగా పోర్ట్ 9100కి పంపడం కుదరదు. మూడు దార్లున్నాయి. ఒకటి, క్రోమ్‌ని కియోస్క్ ప్రింటింగ్ పద్ధతిలో తెరవడం. తెర మీద ప్రింట్ డబ్బా తెరిచి అడగకుండా ప్రింట్ పోతుంది గానీ డిఫాల్ట్ ప్రింటర్ ఒక్కదానికే, కాబట్టి ఒక్క ప్రింటర్ ఉన్న చిన్న కొట్టుకే. రెండు, కంప్యూటర్‌లో క్యూజెడ్ ట్రే లాంటి సహాయక ప్రోగ్రామ్. ఎన్ని ప్రింటర్లకైనా పంపుతుంది, ఆ కంప్యూటర్ ఆగితే అన్నీ ఆగుతాయి. మూడు, ఇంటర్నెట్‌లోని సర్వర్‌ని ప్రింటరే అడిగి తెచ్చుకునే రకం. స్టార్‌లో క్లౌడ్‌పీఆర్‌ఎన్‌టీ, ఎప్సన్‌లో సర్వర్ డైరెక్ట్ ప్రింట్. కంప్యూటరే అక్కర్లేదు, డెలివరీ మాత్రమే చేసే క్లౌడ్ కిచెన్‌కి చక్కగా సరిపోతుంది. నెట్ పోతే మాత్రం కేఓటీ పోయినట్టే. ఏ సాఫ్ట్‌వేర్ అయినా డబ్బు కట్టేముందు అమ్మేవాళ్ల ఎదుటే ఇంటర్నెట్ తీగ పీకి, ఒక ఆర్డర్ కొట్టి, వంటింట్లో కేఓటీ వస్తుందో లేదో చూడండి. "వస్తుందండీ" అన్న మాట సరిపోదు.

ఏ ఐటమ్ ఏ ప్రింటర్‌కి

40-60 సీట్ల ఫ్యామిలీ రెస్టారెంట్‌కి వంటింట్లో రెండు ప్రింటర్లు చాలు: తందూర్ దగ్గర ఒకటి, బిర్యానీ-కూరలు-చైనీస్‌కి కలిపి ఒకటి. స్టేషన్‌కి ఒకటి చొప్పున ఐదు కొంటే ఐదు రోల్స్, ఐదు తీగలు, ఐదు చోట్ల చెడిపోయే అవకాశం. వాటర్ బాటిల్, కూల్‌డ్రింక్, పెరుగు లాంటివి వంటింటికి పంపొద్దు, సప్లయర్ల కౌంటర్‌కి పంపండి.

కేఓటీ రాలేదన్న ఫిర్యాదుల్లో ప్రింటర్ తప్పు లేనివి చాలా ఉంటాయి. మెనూలోకి కొత్తగా "రొయ్యల వేపుడు" చేరుస్తారు, దాన్ని ఏ కేటగిరీకీ కలపరు, అది ఏ ప్రింటర్‌కీ వెళ్లదు. బిల్లులో మాత్రం పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్ కిచెన్ ప్రింటర్ అన్న సెట్టింగ్ ఉంటే దాన్ని తప్పకుండా నింపండి, దిక్కులేని ఐటమ్స్ అన్నీ అక్కడ పడతాయి.

కేఓటీలో ధరలు తీసేయండి. టేబుల్ నంబర్, ఐటమ్ పేరు రెట్టింపు ఎత్తు, రెట్టింపు వెడల్పులో. అప్పుడు లైనుకి 24 అక్షరాలే పడతాయి కాబట్టి వంటింటి పేర్లు పొట్టిగా వేరే పెట్టుకోండి. పార్సిల్ అన్న మాట అన్నిటికంటే పైన. క్యాన్సిల్ చేసిన ఐటమ్‌కి కూడా స్లిప్పు రావాలి, లేకపోతే వండేస్తారు. రెండోసారి తీసిన ప్రింట్ మీద "డూప్లికేట్" అని పడేలా చూడండి. ఎందుకంటే పోర్ట్ 9100 సాధారణంగా ఒకసారి ఒక్కరినే లోపలికి రానిస్తుంది. ఇద్దరు కెప్టెన్లు ఒకేసారి పంపితే రెండోవాడి ఫోన్‌లో "ఫెయిల్డ్" అని వస్తుంది, వాడు మళ్లీ నొక్కుతాడు, ఒక్కోసారి రెండూ ప్రింటవుతాయి. కేఓటీకి వరస నంబర్ ఉంటే మాస్టర్ పట్టేస్తాడు.

తెలుగులో కేఓటీ

ప్రింటర్ లోపల ఉండే అక్షరాల పట్టికల్లో సాధారణంగా తెలుగు ఉండదు. సాఫ్ట్‌వేర్ నేరుగా అక్షరాలు పంపితే ప్రశ్నార్థకాలు వరసగా వస్తాయి. ప్రింటర్ మార్చినా అంతే. స్లిప్పుని బొమ్మగా చేసి పంపే సాఫ్ట్‌వేర్ కావాలి: మూడంగుళాలకి 576 చుక్కల వెడల్పు, రెండంగుళాలకి 384. విండోస్ డ్రైవర్ ద్వారా నిర్మలా యూఐ, గౌతమి లాంటి ఫాంటుతో పంపినా ఇదే జరుగుతుంది. థర్మల్‌కి ఇది కష్టం కాదు. 9 పిన్నుల ఇంపాక్ట్‌కి మాత్రం నెమ్మది, పైగా వత్తులు ముద్దైపోతాయి.

డెమోలో "ఇడ్లీ" చూసి తృప్తి పడకండి. "స్పెషల్ ఉల్లి పెసరట్టు", "గుత్తివంకాయ", "ద్రాక్ష రసం" కొట్టించి చూడండి. వత్తు కింది లైన్ మీద పడుతోందా, సగం తెగుతోందా అన్నది వీటిలో బయటపడుతుంది. లైన్ల మధ్య ఎడం పెంచితే చాలావరకు సర్దుకుంటుంది. తందూర్ దగ్గర హిందీ చదివే మాస్టర్ ఉంటే ఆ ప్రింటర్‌కి మాత్రం వేరే పేర్లు పంపగలరా అని కూడా అడగండి.

బిల్లు మీద

బిల్లు సంగతి త్వరగా ముగించొచ్చు. జీఎస్‌టీ నంబర్, 5 శాతం పన్ను కట్టే హోటల్‌కి సీజీఎస్‌టీ 2.5, ఎస్‌జీఎస్‌టీ 2.5 విడివిడిగా, 2022 జనవరి 1 నుంచి 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబర్ కూడా తప్పనిసరి. కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారుల జీఎస్‌టీ పద్ధతిలో) ఉన్నవాళ్లు పన్ను వసూలు చేయకూడదు కాబట్టి వాళ్లది బిల్ ఆఫ్ సప్లయ్ (పన్ను చూపని బిల్లు), పన్ను లైన్లు తీసేయించాలి. లోగో పెద్దగా పెడితే ప్రతి బిల్లుకీ రెండు మూడు సెంటీమీటర్లు కాగితం ఖర్చు, ప్రింట్ కూడా ఆగి ఆగి వస్తుంది. థర్మల్ బిల్లు నెలల్లో వెలిసిపోతుంది, జీఎస్‌టీ లెక్కలేమో వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలి. అందుకని కాగితం ప్రతిని నమ్ముకోకుండా డేటా బ్యాకప్ పెట్టుకోండి.

చెడేవి, సరిచేసేవి

కాగితం వస్తోంది, అక్షరం లేదు: రోల్ తిరగేసి పెట్టారు. గోటితో గీస్తే నల్లగా పడే వైపు హెడ్‌కి తగలాలి.

నిలువునా తెల్ల గీత: హెడ్ మీద మురికి. స్విచ్ ఆపి, చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. కత్తి, పిన్ను పెడితే హెడ్ పోయినట్టే. వంటింట్లో ఈ తుడవడం వారానికోసారి. తుడిచినా గీత అక్కడే ఉంటే హెడ్ మీద చుక్కలు కాలిపోయాయి, హెడ్ మార్చాలి. హెడ్ 100-150 కిలోమీటర్ల కాగితం దాకా వస్తుందని కంపెనీలు రాస్తాయి. రోజుకి 60 మీటర్లు వాడితే 100 కిలోమీటర్లకి నాలుగున్నరేళ్లు.

ఎర్ర లైటు, మూత తెరుచుకోదు: కట్టర్ బ్లేడు సగంలో ఇరుక్కుంది. లాగొద్దు. స్విచ్ ఆపి మళ్లీ వేయండి; అప్పటికీ రాకపోతే ముందు మూత కింద ఉండే చిన్న చక్రాన్ని తిప్పితే బ్లేడు వెనక్కి వెళ్తుంది.

సగం ప్రింటయ్యి ఆగి మళ్లీ మొదలవుతోంది: అడాప్టర్ బలహీనపడింది. ఈ ప్రింటర్లలో ఎక్కువవాటికి 24 వోల్టులు, 2.5 ఆంప్స్ కావాలి. పోయినదాని బదులు తక్కువ ఆంప్స్ ఉన్న ఏదో 24 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే నల్లటి క్యూఆర్ కోడ్ వచ్చినచోట ఆగిపోతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ పడ్డాక పది కేఓటీలు లేవు: ప్రింటర్, కంప్యూటర్ యూపీఎస్ మీద ఉన్నాయి గానీ రౌటర్, స్విచ్ గోడ ప్లగ్గులో ఉన్నాయి. ఇది దాదాపు ప్రతి హోటల్‌లోనూ మర్చిపోయేదే.

చివరికి ఏం కొనాలి

టోకెన్ టిఫిన్ సెంటర్‌కి కట్టర్ ఉన్న మూడంగుళాల యూఎస్‌బీ థర్మల్ ఒకటి, అలాంటిదే ఇంకొకటి అట్టపెట్టెలో స్పేర్‌గా. పొద్దున ఏడింటికి ప్రింటర్ పోతే మెకానిక్ రాడు. ఫ్యామిలీ రెస్టారెంట్‌కి కౌంటర్‌లో యూఎస్‌బీ-లాన్ రెండూ ఉన్న థర్మల్, వంటింట్లో బజర్ ఉన్న లాన్ థర్మల్ రెండు. తందూర్ దగ్గర మరీ ఇరుకుగా ఉంటే అందులో ఒకటి ఇంపాక్ట్. మూడు థర్మల్స్ ఒకే మోడల్ అయితే వంటింటిది పోయినప్పుడు కౌంటర్‌ది తీసి, దాని ఐపీ మార్చి పెట్టేయొచ్చు. రౌటర్ పక్కన ఎనిమిది రంధ్రాల స్విచ్, ఒక యూపీఎస్. పార్సిల్ బిర్యానీ పాయింట్‌కి కౌంటర్‌లో బిల్లు, ప్యాకింగ్ బల్ల మీద లాన్ థర్మల్. అక్కడ కేఓటీనే కవర్‌కి పిన్ను కొట్టేస్తారు కాబట్టి దాని మీద ఆర్డర్ నంబర్ పెద్దగా పడాలి.

ప్రింటర్ బదులు వంటింట్లో స్క్రీన్ పెట్టమని ఇప్పుడు చాలామంది చెప్తున్నారు. ఆర్డర్ ఎంతసేపయిందో రంగులో చూపిస్తుంది, కాగితం ఖర్చు లేదు. పిండి, నూనె చేతులతో స్క్రీన్ ముట్టుకునే మాస్టర్ ఉన్నచోట, ప్లేటు పక్కన స్లిప్పు పెట్టి పంపే అలవాటు ఉన్నచోట మాత్రం ఇంకొన్నాళ్లు కాగితమే నయం. స్క్రీన్ పెట్టినా వెనక ఒక ప్రింటర్ ఉంచండి.

స్పేర్ డబ్బాలో ఉండాల్సినవి: రోల్స్ పది, 24 వోల్టుల అడాప్టర్ ఒకటి, మూడు మీటర్ల లాన్ తీగ ఒకటి, ఇంపాక్ట్ ఉంటే రిబ్బన్లు రెండు, ప్రింటర్ల ఐపీలు రాసిన కాగితం. ఆ కాగితం మాత్రం థర్మల్‌ది వద్దు.